పర్శరాములు చారు మూట

పర్శరాములు నోరు తెరిచిండంటె మెట్‌పల్లిల అంతయ్య హోటల్ ముంగట సైకిళ్లు ఆగేవి. ఆయన చెప్పేది నిజమనుకోని ఎవ్వలు వచ్చెటోల్లు కాదు. అయినా వచ్చెటోల్లు. పొద్దంత మగ్గం గుంటల కాళ్లాడిచ్చి నడుము వట్టేసినోల్లకు, సాయంత్రం పూట ఓ కప్పు చాయ, దాని ఎనుక పర్శరాములు ముచ్చట పడకపోతే అన్నం సయించకపోయేది.

ఆ దినం వచ్చినోల్లల్ల ఒక్క భూమన్నకే నవ్వు మీద పాణం లేదు. పొద్దుగాల పెండ్లాం కమలవ్వతోని లొల్లి వెట్టుకొని ఇంట్లకెల్లి ఎల్లిండు. సేర్లు పోయి కిలోలు వచ్చిన కొత్తలాయె, ఎంత కొన్నమో ఎంత తిన్నమో ఎవ్వలకు సమజ్ కాని రోజులు. అంగడి నాడు తెచ్చిన బియ్యం మల్ల అంగడి దాంక రాకుంట అయిపోతున్నయ్. భూమన్న చూసి చూసి, "రేపటిసంది సామానంత నేనే కొల్చిస్త, పూటపూటకు గిన్నె వట్టుకొని నా ముంగట నిలవడు" అన్నడు.

కమలవ్వ కండెలు చుట్టేది ఆపింది. "కొల్చి పోస్తే తినెటందుకు నేనేమన్న కోడినా? నువ్వు గిన్నె అందుకున్ననాడు నేను బస్సు అందుకుంట. ఇచ్చోడల మా అవ్వ ఉన్నది" అన్నది.

కమలవ్వ ఉత్తుత్తగ అనే మనిషి కాదని భూమన్నకు ఎర్కే. అందుకే పొద్దంత మగ్గం మీద నాడె విసిరిండు గని మనసు మాత్రం బస్టాండుకాడనే ఉన్నది. మాట ఎనుకకు తీస్కుంటె మొగతనం పోతది, తీస్కోకపోతే పెండ్లాం పోతది. ఇంటి సామాను మొగోడు చూస్కుంట, పెండ్లాం కూడ సల్లగ ఉండే ఉపాయమేదన్న ఉంటె పర్శరాములుకే తెల్వాలె. ఎందుకంటె "మా ఇంట్ల పొయ్యి నా చేతుల ఉన్నది" అని ఊరంత చాటిచ్చుకునేది ఆయనొక్కడే.

"అన్నా" అన్నడు భూమన్న బెంచి మీద దగ్గరికి జరిగి, "నీ ఇంట్ల సామాను నువ్వే చూస్తవట. మరి అనసూర్య వదిన ఏమనదా?"

పర్శరాములు సాసర్ల చాయ జుర్రి, మీసాలు తుడ్సుకొని, చుట్టూ ఓసారి చూసిండు. పక్కపొంటి గంపల ఆకుకూరలు పెట్టుకొని అమ్మే లింగవ్వ కూడ ఇటే చూస్తున్నది. ఇగ సాలు.

"ఏమంటది తమ్మీ? దండం వెడ్తది. పోయిన వానకాలం కందిపప్పు పిరమయ్యింది చూడు, అప్పుడన్న నేను, 'అనసూర్యా, నువ్వు కండెలు చుట్టు, పొయ్యి నేను చూస్త' అని. పోయి చూస్తె ఏమున్నది, దినాం నిమ్మకాయంత చింతపండు నానవెట్టుడు, పిసుకుడు, పిప్పి తీసి పెంట మీద పారేసుడు! అరె, ఆ పిప్పిల పులుపు ఇంక ఉన్నది గదనయ్యా! నా పాణం గుంజింది. గప్పుడే గుప్పెడు చింతపండు, గుప్పెడు కందిపప్పు, ఇంత పోపు సామాను, ఎండు మిరపకాయలు ఓ బట్టల మూటగట్టిన. మసిలే నీళ్లల్ల ఓ మునుగు ముంచిన, తీసిన, దండెం మీద ఆరేసిన. చారు తయ్యార్!"

"మరి తెల్లారి?" అన్నడు అంతయ్య పొయ్యి ఊదుకుంట.

"తెల్లారి గదే మూట. మూడోనాడు గదే మూట. ఈ అంగడికాడికెల్లి ఆ అంగడి దాంక ఒక్కటే మూట."

భూమన్నకు ఈ ముచ్చట మంచిగనిపిచ్చింది. దీంట్ల అబద్ధమేమున్నది, చేస్తె అయ్యేదే. మూట కట్టి కమలవ్వ చేతికిస్తె కొల్చిచ్చినట్టు సుత కాదు.

"పులుపు దిగిపోదార?" అన్నది లింగవ్వ.

"అందుకే బట్ట మామూలు బట్ట కాదక్కా! దానికోసం పొద్దుమాపు కూసోని నేనే నేసిన. ఎంత దగ్గరగ నేసిన్నంటె, రుచి బయటికొస్తది గని పప్పు రాదు. రుచి సుత ఒక్కపారి రాదు, లైన్ల నిలవడి ఒకటెనుక ఒకటి వస్తది. ఓ చీమ లోపలికి పోదామని మూట చుట్టు తిరిగీ తిరిగీ, సందు దొరకక, మా గడప మీద కూసోని ఏడ్సింది. చీమ ఏడిస్తే ఎట్లుంటదో నువ్వు సూడలే, నేను సూసిన."

హనుమండ్లు అనే పెద్దమనిషి, పర్శరాములుకు వరసకు మామ, బీడీ ముట్టిచ్చుకుంట అన్నడు, "కన్నీళ్లు తుడ్సినవా అల్లుడా?"

"తుడ్వకుంటనా మామా? ఎంతైనా మన గడపకొచ్చింది. సరే, తర్వాత ఏమైందో ఎర్కేనా? మూట ముంచెటందుకు నేను మగ్గం దిగాలె. దిగితే నేత ఆగుతది. గందుకని మూటకో దారం కట్టి, వాసం మీదికెల్లి తెచ్చి, మగ్గం తొక్కుడు చెక్కకు కట్టిన. నేను కాలు తొక్కితే మూట మునుగుతది, తీస్తే లేస్తది. ఇటు చీర, అటు చారు. చీర కొంగుకాడికి వచ్చేసరికి చారు చిక్కవడ్తది. నాడె ఉరుకుడుకు ఇంట్ల గాలి వేడెక్కి, అటెనుక నాకు కట్టెలు సుత కొనే అక్కర పడలే, కుండ ఉత్తగనే తుకతుక ఉడికేది."

"కట్టెలు లేకుంటనా!" అన్నడు భూమన్న. ఇక్కడ ఆయనకు జర అనుమానం తగిలింది. గని తొక్కుడు చెక్కకు దారం కట్టుడు వరకు అయ్యే పనే గదా అని సర్దుకున్నడు. కట్టెల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

"నువ్వు గింతకే నోరు తెరుస్తున్నవా తమ్మీ? ఇను. మా ఎనుకింటి కైలాసం లేడూ, ఆయన వచ్చి, 'అన్నా, మా కుండ సుత నీ దారానికి తగిలియ్యరాదె' అన్నడు. సరే తియ్యన్న. ఆయన్ను చూసి ఆయన పక్కోడు, వాన్ని చూసి వాని పక్కోడు, కప్పుల మీదికెల్లి దారాలు గుంజి గుంజి గల్లి గల్లంత నా మగ్గానికి కట్టుకున్నరు. నేను ఈడ కాలు తొక్కితే గల్లి ఆ కొసకు చారు మసిలేది. ఎవ్వలింటికన్న అల్లుడొచ్చిండనుకో, దారం రెండుమాట్ల గుంజెటోల్లు, నేను జర గట్టిగ తొక్కెటోన్ని, వాళ్లకు పప్పుచారు అయ్యేది. ఓనాడు నాకు కాలు తిమ్మిరెక్కి కూసుంటె, గల్లి అంత గిన్నెలు వట్టుకొని నా ఇంటి ముంగటికొచ్చి, 'పర్శరాములు బతికే ఉన్నడా' అని ఒకటే పరేషాన్!"

"పచ్చిపులుసు కావాలన్నోల్లకో?" అన్నడు అంతయ్య.

"వాళ్లకు కాలు తొక్కకపోయేది. ఉత్తగ దారం దిక్కు చూసెటోన్ని."

హోటలంత ఘొల్లుమన్నది. లింగవ్వ కూరకట్ట మీద నీళ్లు చల్లుకుంట నవ్వుతున్నది. నవ్వు ఇంటె పర్శరాములుకు ఇంక బలం వస్తది, బెంచి మీదికెల్లి లేసి నిలవడ్డడు, కండువ తీసి నడుముకు చుట్టిండు.

"కిరాణం సావుకారి వచ్చిండు. పప్పు పుచ్చుతున్నది, చింతపండు బుట్టల నల్లవడ్తున్నది, కొనేటోడు లేడు. వచ్చి నా కాళ్లు వట్టుకున్నడు. 'పర్శరాములూ, నీ మూట ఇప్పు, నీకు పుణ్యముంటది, పోరగాల్లున్నోన్ని' అన్నడు. నేనన్న, 'సావుకారీ, ఫికర్ చెయ్యకు, నీ దుకాణంకెల్లి సుత ఓ దారం గుంజుకో, చారు పోస్త' అన్న. అన్ననా, గాలి దుమారం లేసింది. దారం తెగింది. మూట ఎగిరింది! ఎగిరి ఎగిరి పోయి కైలాసం మోటబాయిల వడ్డది. అయ్యో, గల్లి అంత ఏడుపులు. నేను మాత్రం సప్పుడు చెయ్యలే. తర్వాత ఏమైందో ఎర్కేనా?"

"బాయంత చారయ్యింది" అన్నడు హనుమండ్లు మామ.

"ఔ మల్ల! నువ్వు సూసినవా ఏంది? ఎడ్లు మోట గుంజితే బొక్కెనల చారు! ఎడ్లకు సుత ఇగురం, తెలివి ఉన్నయ్, ఎనుకకు తిరిగి ఓ నాలిక నాకి మల్ల గుంజుతున్నయ్. ఆ చారు కాలువల వడ్డది, కాలువ మడిల వడ్డది, మడిల వరి. వరి తాగింది తాగినట్టు పసుపు పచ్చగ లేసింది. కోతల నాడు గింజ ఒలిచి నోట్ల ఏస్కుంటె ఏమున్నది? పులిగోర! వండుడు లేదు, వార్చుడు లేదు. కొడవలి ఒక చేతుల, పల్లెం ఒక చేతుల."

"పోపు వాసనెట్ల వచ్చిందయ్యా వరికి?" అన్నడు అంతయ్య.

"మూటల పోపు సామాను ఏసిన్నని మొదలే చెప్పలేనా? ఇనవడితే గదా నీకు! ఆ వాసన గాలికి గాలికి పోయి కొండగట్టు దాంక పోయింది. కొండ మీది కోతులు లేవూ, కొబ్బరి చిప్పలు ఆడియాడనే ఇడ్సిపెట్టి, దిగి, సడక్ పొంటి బస్సులకు పక్కకు జరిగి సైడిచ్చుకుంట మెట్‌పల్లికి వచ్చినయ్. వచ్చి కొట్లాడలే, గుంజుకోలే. ఒడ్డు మీద మంచిగ బంతి గూసున్నయ్, ముంగట మోదుగాకులు పర్సుకొని! నేనే వడ్డిచ్చిన. ఓ ముసలి కోతి సాలుసాలని చెయ్యి అడ్డం పెట్టింది, నేను ఊకుంటనా, 'తినవ్వా, మల్ల ఎప్పుడొస్తవో' అని ఇంకింత ఏసిన!"

జనం కడుపులు వట్టుకొని నవ్వుతున్నరు. భూమన్న ఒక్కడు నవ్వుతలేడు. కోతులు వచ్చినంక ఆయనకు సుత తెల్సిపోయింది, ఇది అయ్యే ముచ్చట కాదని. అయినా ఆశ ఇడ్సిపెట్టబుద్ధి కాలే. ఇంటికి పోతే కమలవ్వ బట్టలు సర్దుకుంట ఉంటదేమో, ఉత్త చేతులతోని ఏమని పోవాలె?

"అన్నా" అన్నడు, "కోతుల సంగతి ఇడ్సిపెట్టు. బాయి ఇడ్సిపెట్టు. మొదలు చెప్పిన మూట ముచ్చటొక్కటి నిజం చెప్పు. రేపటిసంది నా ఇంట్ల నేనే చూడాలె. మూటల చింతపండు చెప్పినవ్, పప్పు చెప్పినవ్. మరి ఉప్పు ఏడ ఏస్తవ్? మూటలనా, కుండలనా?"

పర్శరాములు కొండ మీదికెల్లి దబ్బున కింద వడ్డట్టు నిలవడ్డడు. ఉప్పు గురించి ఆయన ఎన్నడు ఆలోచన చెయ్యలే. గని నోరు ఆగదు గదా.

"ఉప్పా? ఉప్పుదేమున్నది తమ్మీ! కుండ మసిలేటప్పుడు నేను ఇట్ల చెయ్యి చాపుత. అనసూర్య ఉప్పు తెచ్చి నా చేతిల పోస్తది. నేను గుప్పిట వట్టి, కుండల మెల్లగ..."

"ఏడ పోస్తది?" అన్నది లింగవ్వ.

"చేతిల."

లింగవ్వ చేతుల కూరకట్ట గంపల పెట్టింది. నవ్వులు ఆగినయ్. అంతయ్య ఊదుడు ఆపి తల ఎత్తిండు.

"ఓ పర్శరాములూ" అన్నది లింగవ్వ, "చీమ ఏడ్సిందన్నవ్, ఊకున్న. వరికి పులిగోర కాసిందన్నవ్, పోనియ్ అనుకున్న. కోతులు బంతి గూసున్నయన్నవ్, అవి సుత పాపం ఆకలికొచ్చినయేమో అనుకున్న. గని మొగని చేతికి ఉప్పిచ్చే ఆడది ఏ ఊర్లన్న ఉన్నదార? ఉప్పు కింద పెడ్తరు, అవతలోల్లు తీస్కుంటరు. చేతికిస్తే కొట్లాటయితదని బువ్వ తినే పోరగాల్లకు సుత ఎర్కే. ఒక్కపూటంటె ఒక్కపూట నువ్వు పొయ్యికాడ నిలవడి ఉంటె నీకు ఎర్కుండేది. నీ జన్మల పొయ్యి మొకం చూసినవా అసలు?"

పర్శరాములు నడుముకున్న కండువ ఇప్పిండు. "అది... మా ఇంట్ల రివాజు అలగ్..." అన్నడు.

"ఓహో, అందుకేనా అల్లుడా మీ ఇంట్ల దినాం గంత లొల్లి!" అన్నడు హనుమండ్లు మామ. ఇగ ఆ నవ్వులకు హోటల్ రేకులు ఎగిరిపోతయ్ అనిపిచ్చింది. పర్శరాములు సుత ఎంతసేపు బిగవట్టుకుంటడు, ఆయనకు కూడ నవ్వొచ్చింది. కండువ దులుపుకొని కూసోని, "చాయ పోయ్ అంతయ్యా, అక్క నా మూట ఇప్పేసింది" అన్నడు.

భూమన్న సుత అందరితోని కలిసి పకపక నవ్వుతున్నడు.

"నువ్వెందుకు నవ్వుతున్నవ్ భూమన్నా?" అన్నది లింగవ్వ మెల్లగ. "రేపటిసంది నీ ఇంట్ల నువ్వే చూస్తనంటున్నవ్ గదా. మీ ఇంట్ల ఉప్పు కుండ ఏడుంటది?"

భూమన్న నవ్వు ఆగింది. పొయ్యెనుకనా? అటక మీదనా? మూకుడు కింద పెడ్తదా, చిప్పల పెడ్తదా? పెండ్లయినసంది ఆ ఇంట్లనే తింటున్నడు, ఏనాడు ఉప్పు తక్కువైందని అన్నడే గని అది ఏడికెల్లి వస్తదో చూడలే. చాయ సగంల ఇడ్సిపెట్టి లేసిండు.

ఇంటికి పోయేసరికి అరుగు మీద బట్టల మూట కనవడ్డది. లోపల కమలవ్వ పొయ్యికాడ పెద్ద గంజుల ఏందో కలుపుతున్నది. భూమన్న పోయి పక్కకు గొంతుక్కూసున్నడు.

"గంజి ఎవ్వలకు?"

"ఎవ్వలకేంది, మగ్గానికెక్కే నీ పడుగు నూలుకు. నేను పోయినంక రేపు దానికి ఎవ్వలు పెడ్తరు?" అన్నది తల ఎత్తకుంట. "బియ్యం ఏడవోతున్నయ్, ఏడవోతున్నయ్ అని లొల్లి వెడ్తవ్ గదా. మనకంటె ముందు నీ మగ్గం తాగుతది. పడుగు గట్టిగుండాలె, గంజి ఇంకింత చిక్కగ కాపు అని దినాం నువ్వే అంటవ్."

ఇన్ని దినాలసంది బియ్యం ఎత్కపోతున్న దొంగ తన మగ్గమేనని భూమన్నకు ఇప్పుడు తెల్సింది.

"కమలవ్వా, తప్పయింది. నేను ఏం కొల్వ" అన్నడు. ఆమె గంటె ఆగింది. "గని ఒక్కటి చెప్పు. ఉప్పు కుండ ఏడున్నది?"

"ఎందుకు, తాళమేస్తవా?"

"లే. నా పెండ్లయి గిన్నేండ్లాయె, నాకు తెల్వదు. చూపియ్" అని చెయ్యి చాపిండు.

కమలవ్వ ఆ చెయ్యిని చూసింది, మొకాన్ని చూసింది. పెదవుల మీదికి వచ్చిన నవ్వును కొంగు అడ్డం వెట్టుకొని ఆపుకున్నది. పొయ్యెనుకకు వంగి, ఉప్పు చిప్ప తీసి, ఆయన చెయ్యి తప్పిచ్చి నేల మీద పెట్టింది.

"కిందికెల్లి తీస్కో" అన్నది. "మల్ల కొట్లాడే ఓపిక నాకు లేదు."