తెర అడుగున అక్షరాలు

బిట్రగుంట రైల్వే కాలనీ. నిన్న సాయంత్రం రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో ఇటలీ డిటెక్టివ్ సినిమా ఆడింది. డ్యూటీకి బయల్దేరుతున్న బుకింగ్ క్లర్కుకు భార్య క్యారియర్ సర్దుతోంది.

“ఇంజన్ల షెడ్డులో పనిచేసేవాళ్లు సగంలోనే లేచిపోయినారు. పాట లేదు, ఫైటు లేదు, ఇదేం బొమ్మ అని ఒకటే తిట్లు.”

“డాక్టరమ్మ మాత్రం భలే ఉందనింది.”

“తెర అడుగున పడే ఇంగ్లీషు అక్షరాలన్నీ హాలంతటికీ తెలుగులో అరిచి చెప్పినా. గొంతు పోయింది. నీకేమన్నా అర్థమైందా?”

“చంపింది ఆ చచ్చినాయన తమ్ముడేనని నాకు మొదట్లోనే తెలిసిపోయింది.”

“నాకే చివరిదాకా తెలీలేదే! ఇంగ్లీషు రాని నీకెట్టా తెలిసింది?”

“మీరు అక్షరాలు చూస్తా ఉన్నారు, నేను మొహాలు చూస్తా ఉన్నా. అబద్ధం చెప్పేటప్పుడల్లా వాడు కాలరు సర్దుకున్నాడు.”

“అబ్బో, పోలీసుల్లో చేరు! క్యారియర్ ఇటియ్యి, టైమైంది.”

“ఉండండి. మూడు రోజుల్నించి అన్నం కెలికి లేచిపోతున్నారు. పెద్దదానికి వచ్చే నెల పరీక్షలు. మనకు ట్రాన్స్‌ఫర్ వచ్చిందా?”

“ట్రాన్స్‌ఫరా? ఎవురు చెప్పినారు నీకు? అట్టాంటిదేం లేదు.”

“ముందు ఆ కాలరు వదిలిపెట్టి, ఏ ఊరో చెప్పండి.”