చచ్చిన ఎలుకలను కూడా లెక్కపెట్టిన గిచూకి గారు

1989 మార్చి ఆరవ తేదీన, నైరోబీలోని మన పరిశోధనశాల జంతుగృహంలో బోనులు కడిగే ఉద్యోగిగా శ్రీ గిచూకి గారు ప్రవేశించారు. ముప్పై అయిదేళ్ల అవిశ్రాంత సేవానంతరం ఈ నెలాఖరున అదే హోదాలో విరమిస్తున్నారు. అలా ఎందుకు జరిగిందో నాకు తెలుసు గనుక, ఏడో తరగతితో బడి మానినవాణ్ణయినా ఈ నాలుగు మాటలు రాసే బాధ్యతను అడిగి తీసుకున్నాను.

తొలి పదిహేనేళ్లు వారు తెల్ల ఎలుకలను సాకారు. ఆపైన లైకిపియా రాళ్లగుట్టల నుండి ముళ్ల ఎలుకలు వచ్చినప్పుడు, వాటిని పట్టే విద్య మాకు నేర్పినదీ వారే. అలవాటు కొద్దీ నేను తోక పట్టి ఎత్తితే, తోలు ఊడి నా వేళ్లలో మిగిలింది; ఎలుక బల్లకింద దూరింది.

"ఏం ముతిసో, తోక నీకిచ్చేసి పోయిందా? ఇంటికి పట్టుకెళ్లి ఉగాలి ముద్దలో నంజుకో!" అంటూ వారు రేకు కప్పుతో దాన్ని సుతారంగా ముంచి తీశారు.

ఊడిన తోలును మచ్చ లేకుండా మళ్లీ పెంచుకునే ముళ్ల ఎలుకలు గుండెనూ అలాగే బాగుచేసుకుంటాయేమో చూడటానికి 2019లో గుండె ప్రయోగం జరిగింది. రెండు జాతుల ఎలుకలకూ గుండె రక్తనాళాన్ని దారంతో బిగించి, నాలుగు వారాల తరువాత ఏ గుండె ఎంత కోలుకుందో చూశారు. తెల్ల ఎలుకల గుండెగోడ మచ్చకట్టి, పలచబడి, సంచిలా సాగిపోయింది. ముళ్ల ఎలుకలకు మచ్చ చిన్నదే. గుండె దాదాపు మునుపటిలాగే కొట్టుకుంది. అందరూ పండగ చేసుకున్నారు. కాని ఇరవై ముళ్ల ఎలుకలలో తొమ్మిది మొదటి వారంలోనే చచ్చాయని గిచూకి గారి రిజిస్టరులో ఉంది.

"అవి మన చేతి తప్పు వల్ల పోయాయి, పెద్దాయనా. ముళ్ల ఎలుకలు మొత్తం పదకొండే అని కొత్త రిజిస్టరు పుస్తకం రాయండి," అన్నారు ప్రయోగాధికారి డాక్టర్ చెబెట్ గారు.

"ఎవరి చేతిలో పోయాయో మీరు రాసుకోండమ్మా. పోయాయని నేను రాస్తా. ఈ లెక్క నమ్మి రేపు మనుషుల గుండెల మీదికొస్తారు. బతికినవాటినే లెక్కపెడితే ఇంక చావెక్కడుంటుంది?"

కొత్త పుస్తకం నేను రాశాను. వారికి రావలసిన పర్యవేక్షక పదవి నాకు వచ్చింది. వారు మాత్రం మర్నాడు కూడా నా టీ కప్పు నింపి, "తాగండి సారూ," అన్నారు. ఆ 'సారూ' ఇప్పటికీ నా గొంతు దిగలేదు.

గత జూలైలో వారికే గుండెపోటు వచ్చింది. ఆసుపత్రికి వెళ్లాను.

"గోడ పలచబడిందంటరా. తెల్ల ఎలుక గుండే నాది."

"అలా అనకు మామా."

"నే పోతే మాత్రం నీ పుస్తకంలో రాయకు. అందులో పోయినవాళ్లు పుట్టనే లేదు."

పాత రిజిస్టరును చించేయమని అప్పట్లో చెబెట్ గారు నాకిచ్చారు, నేను చించలేదు. నిన్న దానిని, నేను చేసిన పని రాసి సంతకం పెట్టిన కాగితంతో సహా, సంచాలకుల వారికి అప్పగించాను. నా పదవి ఏమవుతుందో తెలియదు.

గిచూకి గారి గుండె మళ్లీ మునుపటిలా కాదని వైద్యులు చెప్పారు. అయినా వారు ఆయురారోగ్యాలతో, కుటుంబ సమేతంగా చిరకాలం వర్ధిల్లాలనీ, కనీసం ఆ తొమ్మిదీ లెక్కలోకి ఎక్కటం కళ్లారా చూసేదాకా ఆ పలచని గోడ నిలవాలనీ మనసారా కోరుకుంటున్నాను.