పచ్చిపులుసులో సన్నటి ఉల్లిగడ్డ

సీతాఫల్‌మండి సందులోని మందుల దుకాణానికి ఓ ఇంటి కోడలు ఎప్పుడొచ్చినా చంకలో కొడుకు ఉండేవాడు. మనవడి పేరే మరిచిపోయే అత్తగారి దగ్గర వాణ్ణి వదలడానికి ఆమెకు మనసొప్పేది కాదు. ఈరోజు చేతిలో టిఫిన్ డబ్బా ఒక్కటే ఉంది. కౌంటర్ వెనకున్న దుకాణం యజమానురాలిని పలకరించింది.

"అక్కా, మూడు నెల్ల కింద నీతోని లొల్లి వెట్టుకున్న, యాదికున్నదా?"

"ఎందుకుండదు? టీవీల జూపించిన జ్ఞాపకశక్తి పొడి ఇయ్యనన్నందుకు, నీకు దుకాణం నడుపుడే రాదన్నవు గద!"

"తప్పయింది. అత్తమ్మ ఉలుకు పలుకు లేక గోడదిక్కు మొకం వెట్టి కూసుంటుంటే పరేషాన్ల అన్న. నువ్వు డాక్టర్ కాడికి తోలకుంటే ఇంకా పొడులే తాపుతుంటి."

"రక్తపరీక్షల ఏం తేలింది?"

"బీ ట్వెల్వ్ విటమిన్ మస్తు తక్కువున్నదట, మతిమరుపు అందుకేనట. సూదులు షురూ జేసిండ్రు."

"ఇప్పుడెట్లున్నది?"

"నిన్న నన్ను తిట్టింది అక్కా! పచ్చిపులుసుల ఉల్లిగడ్డ గింత లావు కోస్తరా, మీ అమ్మ నేర్పలేదా అన్నది."

"తిడితే గంత సంబురమా?"

"ఏడాదాయె ఆమె తిట్టక. ఇయ్యాల ఉల్లిగడ్డ తనే కోసింది. గిదిగో, ఆ పచ్చిపులుసు నీకే తెచ్చిన."

"అందరికీ గిట్ల నయం కాదు బిడ్డా. డాక్టర్ చెప్పేదాక సూదులు ఆపకు. అవునూ, పోరడేడి?"

"అత్తమ్మ కాడ. పేరు వెట్టి పిల్చి ఎత్తుకున్నది. నువ్వు పోయిరా, నేను సూస్త అన్నది."

"మరి జల్ది పో, నీకు పానం ఆగదు."

"ఆగుతది. జెర కూసుంట."

ఎప్పుడూ నిలబడే మందులు తీసుకుపోయే ఆ తల్లి, స్టూలు లాక్కుని కూర్చుంది.