ఒక్క ట్రాక్ మీద ఎర్ర గుర్తు

గోడలకు పరుపులు కొట్టిన చిన్న రికార్డింగ్ గది. మధ్యాహ్నం. కొత్త కంప్యూటర్ ముందు రికార్డిస్టు తమ్ముడు, పక్క కుర్చీలో పాటలు పాడే అక్క.

“మూడో సాఫ్ట్‌వేర్ కూడా వద్దంటావా?”

“వద్దక్కా.”

“ఏం? డ్రమ్స్ వచ్చాయి, వయొలిన్లు వచ్చాయి. పాటకి హంగులద్దే ఇరవై రెండు పాత ప్లగిన్లలో ఇరవై ఒకటి దీంట్లో పనిచేస్తున్నాయి. టిక్కులు పెట్టింది నువ్వే!”

“ఆ ఒక్కటీ చెయ్యట్లేదుగా.”

“పొద్దుట్నుంచీ ఆ ఒక్కటే. మొదటిది దాన్ని గుర్తే పట్టలేదు. రెండోది దాన్ని చూడగానే మూసుకుపోయింది. చీరల కొట్లో మీ ఆవిడ కూడా ఇన్ని వంకలు పెట్టదురా.”

“నవ్వే ఓపిక లేదక్కా.”

“పోనీ, దాన్ని తయారుచేసినవాళ్ళని అడుగు.”

“వాళ్ళు కంపెనీ మూసేసి నాలుగేళ్ళు. పాత కంప్యూటర్‌తోటే దానికీ నూకలు చెల్లాయి.”

“సాయంత్రానికి సీరియల్ వాళ్ళకి పాట పంపాలి. అది లేకుండానే పంపెయ్.”

“కుదరదు.”

“అసలేం చేస్తుందది?”

“ఏదో… కాస్త మెరుగు పెడుతుంది.”

“దేనికి?”

“అన్నిటికీ.”

“అన్నిటికీనా? మరి తెర మీద అది లేదని చూపే ఎర్ర గుర్తు ఒక్క ట్రాక్ మీదే ఉందేం? దాని పేరు ‘అక్క’ అని రాసుంది.”

“టీ తెప్పించనా అక్కా?”

“మాట మార్చకురా.”

“శ్రుతి సరిచేస్తుంది. సరేనా? ఈ రోజుల్లో అందరికీ వాడతారు.”

“ఈ కొత్తదాంట్లోనూ ఉందిగా శ్రుతి సరిచేసేది?”

“దాంతోనూ చేసి చూశా. అంత లాగితే మరమనిషి పాడినట్టుంది.”

“అంతంటే ఎంత?”

“వదిలెయ్యక్కా.”

“ఎంతరా?”

“ప్రతి అక్షరం. పట్టి లాగాలి. ఒక్కో పాటకి నాలుగు రోజులు.”

“ఎప్పట్నుంచి?”

“నీ గొంతు ఆపరేషన్ అయినప్పట్నుంచి. ఆరేళ్ళు. పాట లేకపోతే నువ్వు మంచం పడతావని బావ భయపడ్డాడు. నాకూ అదే భయం.”

“ఏదీ, దిద్దకుండా ఉన్నదున్నట్టు వినిపించు.”

“వద్దు. వినలేవు.”

“కొత్తగా వినేదేముందిరా? పాడేటప్పుడు నా చెవులు ఇంట్లో పెట్టొస్తానా?”

“అంటే… నీకు తెలుసా?”

“మొదటి పాటకే తెలుసు. ఆస్పత్రిలో నా మంచం పక్కన కూర్చుని ఏమన్నావు? ‘అక్క పాడకపోతే స్టూడియో అమ్మేస్తా’ అన్నావు. ఇంక మానేస్తానని నోరెలా ఎత్తను? సీరియల్ వాళ్ళకి ఫోన్ చెయ్. వేరే అమ్మాయితో పాడించి రేపు ఇస్తామను.”

“తెలిసి తెలిసి ఆరేళ్ళు ఎందుకు పాడావక్కా?”

“నువ్వు దిద్దడం ఎప్పుడు మానేస్తావా, నేనెప్పుడు పాడటం మానెయ్యొచ్చా అని ఎదురుచూస్తూ పాడానురా.”