మొదటికి మేడమ్

పందొమ్మిది వందల తొంభై ఒకటవ సంవత్సరం, జూన్ నెల మూడవ తేదీ, సోమవారం ఉదయం, ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాతో, బరువైన నల్లసంచితో ఒక యువతి మన విమాన సంస్థ శిక్షణ భవనం మెట్లెక్కి కో-పైలట్‌గా ఉద్యోగంలో చేరారు. ద్వారం దగ్గరి కాపలాదారు ఆమెను ప్రయాణికురాలిగా భావించి టికెట్ల భవనానికి దారి చూపించాడనీ, పెద్దవాణ్ణి నొప్పించడం ఇష్టంలేక ఆమె ఆ దారినే కొంతదూరం నడిచి మరీ వెనక్కి వచ్చారనీ ఒక ప్రతీతి. ఆ యువతే నేడు పదవీ విరమణ చేస్తున్న మన ప్రధాన శిక్షకురాలు. సంస్థ దస్త్రాలలో వారి హోదా ఏదైనా, పైలట్ల మొదలు సామాన్లెత్తేవారి వరకు అందరి నోటా వారు ‘మొదటికి మేడమ్’.

తొలి సంవత్సరాలలో వారికి గురుతుల్యులు, అందరూ మీసాల కెప్టెన్ అని పిలుచుకున్న ఒక పెద్దాయన. విమానం కదిలే ముందు ఒకరు తనిఖీ కార్డు చూసి ఒక్కొక్క అంశం చదవడం, రెండవవారు దానిని కళ్ళారా చూసి జవాబు చెప్పడం ఈ వృత్తిలో ఆచారం. "చేతులు పని నేర్చుకున్నాక కళ్ళు బద్ధకిస్తాయమ్మా, వాటిని ఓ కంట కనిపెట్టు" అని ఆయన అంటూ ఉండేవారట. కళ్ళను ఏ కంటితో కనిపెట్టాలో అప్పట్లో అర్థం కాలేదని మేడమ్ తరువాత నవ్వుతూ చెప్పేవారు.

అర్థమయ్యే రోజు రానే వచ్చింది. కెప్టెన్‌గా పదోన్నతి పొందిన మొదటి వర్షాకాలంలో, ఒక మధ్యాహ్నం, నిండు విమానం బయలుదేరబోతుండగా గాలి దిశ మారి, రన్‌వే మార్చమని కంట్రోల్ టవర్ ఆదేశించింది. సరిగ్గా అదే సమయానికి క్యాబిన్ ఇన్‌ఛార్జి తలుపు తట్టి, ఒక ప్రయాణికురాలికి కళ్ళు తిరుగుతున్నాయని చెప్పింది. ఆ రెండు సంగతులూ చక్కబెట్టి, పైలట్లిద్దరూ వదిలిన చోటు అనుకున్న చోటి నుంచి కార్డు చదవడం కొనసాగించారు. ఫ్లాపుల దగ్గరికి వచ్చేసరికి కో-పైలట్ ‘సిద్ధం’ అన్నాడు. మేడమ్ తల ఊపారు. నిజానికి ఫ్లాపులు దిగనే లేదు. రెక్కల వెనుక అంచున కిందికి దింపే ఆ పలకల ఊతం లేకుండా, అంత బరువుతో ఆ విమానం నేల విడవడం కల్ల. ఇంజన్ల వేగం పెంచగానే హెచ్చరిక మోత మోగబట్టి సరిపోయింది. మేడమ్ విమానాన్ని ఆపి, వెనక్కి మళ్ళించారు. ఎవరికీ గీత కూడా పడలేదు.

అలవాటులో పొరపాటు అని మనం తేలికగా అనేసుకునే మాట బరువెంతో విచారణ సంఘం ముందు తెలిసింది. జవాబు చెప్పినవాడు కో-పైలట్ కనుక వేటు అతడి మీద పడబోయింది. "జవాబు అతనిదే. చూడాల్సిన కళ్ళు మాత్రం ఇద్దరివీ" అని మేడమ్ చెప్పిన ఒక్క వాక్యంతో అతడి ఉద్యోగం నిలిచింది, వారి పదోన్నతి పోయింది. ఏడాదిపాటు తిరిగి కో-పైలట్‌గా కుడివైపు కుర్చీలో కూర్చున్నారు. ఆ ఏడాదిలోనే ఒక నియమం పెట్టుకున్నారు: చదువుతుండగా ఎవరు అడ్డుతగిలినా, అది ఒక్క దగ్గే అయినా, ఆగిన చోటి నుంచి కాక మళ్ళీ మొదటి అంశం నుంచి చదవాలి.

శిక్షణ విభాగానికి అధిపతి అయ్యాక వారు ఆ నియమాన్ని సంస్థ అంతటికీ వర్తింపజేశారు. కిటికీ తెర సగం ఊడిన ఆ తరగతి గదిలో, బరువు అంకె తప్పుగా కొట్టినవారి గురించీ, ఒక రన్‌వే అనుకుని మరో రన్‌వే ఎక్కినవారి గురించీ వారు పాఠాలు చెప్పేవారు. ఈ తప్పులేవీ చేతకానివాళ్ళు చేసినవి కావనీ, చేయి తిరిగినవాళ్ళు చేసినవేననీ ప్రతిసారీ గుర్తుచేసేవారు. మొదటికి పోకపోతే మొదటికే మోసం అన్నది వారి ఊతపదం. ఇంట్లోనూ ఇదే ధోరణి. వారి శ్రీవారు దంతవైద్యులు. "ఊళ్ళోవాళ్ళందరి నోళ్ళూ తెరిపిస్తాను గానీ, ఆవిడ ఇంటికి తాళం వేస్తున్నంతసేపూ నా నోరు మాత్రం తెరవను" అంటారు. తెరిస్తే గ్యాసు కట్టేశామా అన్న దగ్గర నుంచి మళ్ళీ మొదలవుతుందని వారి అనుభవం.

అయితే ఈ నియమం అందరికీ రుచించిందనడం అతిశయోక్తి అవుతుంది. విమానాలు ఆలస్యమయ్యేవి, ప్రయాణికులు విసుక్కునేవారు. సమయపాలనకు పెట్టింది పేరైన కారణంగా ‘గడియారం’ అని పిలవబడే సీనియర్ కెప్టెన్, మేడమ్ విరమణతోపాటే ఆ నియమానికీ విరమణ ఇవ్వాలని యాజమాన్యానికి లిఖితపూర్వకంగా ప్రతిపాదించారు. శిక్షణ విభాగానికి కాబోయే అధిపతి ఆయనే కనుక ఆ మాట చెల్లుబాటు కావడం ఖాయమనిపించింది. మేడమ్ పైకి నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నారు గానీ, పోగొట్టుకున్న పదోన్నతికి పడనంత బాధ దానికి పడ్డారని వారి అమ్మాయి చెప్పింది.

విరమణకు ముందు మేడమ్ నడిపిన చివరి విమానంలో కుడివైపు కుర్చీలో కూర్చోవలసిన వంతు, యాదృచ్ఛికంగా, గడియారం గారికే వచ్చింది. ప్రయాణికుల వరుసల్లో శ్రీవారు, అమ్మాయి. గడియారం గారు కార్డు చదువుతున్నారు, మేడమ్ జవాబులు చెబుతున్నారు. సగంలో తలుపు తెరుచుకుంది. సిబ్బంది అంతా కలిసి ఒక పూలగుచ్ఛం అందించారు. ఆ వెంటనే కంట్రోల్ టవర్ కూడా రేడియోలో అభినందనలు పలికింది. ఆ పలికిన అధికారి కుర్రవాడిగా ఉన్నప్పటి నుంచి ఆ గొంతు వారికి పరిచితమే. మేడమ్‌కు కళ్ళు చెమర్చాయి. తలుపు మూసుకోగానే గొంతు సవరించుకుని, పూలు ఒడిలో పెట్టుకునే, "ఎక్కడున్నాం? తర్వాతది చదవండి" అన్నారు.

గడియారం గారు చదవలేదు. అప్పటికే ఆలస్యమైంది, ఆలస్యమంటే ఒంటికి పడని మనిషి. పూలగుచ్ఛం తీసి వెనుక సీటులో పెట్టారు. "మేడమ్, మొదటికి" అన్నారు.

వారు ఆయన వంక చూసి తల పంకించారు. ఇద్దరూ మొదటి అంశం నుంచి మొదలుపెట్టి చివరిదాకా చదివారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఫ్లాపులు దిగే ఉన్నాయి. విమానం ఆలస్యంగా బయలుదేరి, ఆలస్యంగానే చేరింది.

దిగాక మెట్ల దగ్గర మేడమ్ ఆయనను ఆటపట్టించకుండా ఉండలేకపోయారు. "అన్నీ సరిగ్గానే ఉన్నాయిగా, ఊరికే ఆలస్యం చేశారు."

"సరిగ్గా ఉన్నాయని మొదటికి వెళ్ళాకే కదా మేడమ్ తెలిసింది" అన్నారాయన. మరునాడు తన ప్రతిపాదనను తానే వెనక్కి తీసుకున్నారు.

వృత్తి జీవితమంతా ఇతరులను క్షేమంగా గమ్యం చేర్చిన ఈ విదుషీమణికి సంపూర్ణ ఆరోగ్యమూ, దీర్ఘాయువూ, ఆత్మీయుల సాన్నిధ్యమూ నిండుగా లభించాలని మనందరి ఆకాంక్ష. ఇకపై వారి దినచర్యకు ఎవరైనా అడ్డుతగిలితే, తొందరపెట్టే గడియారమేదీ లేకుండా, తాపీగా మళ్ళీ మొదటికి వెళ్ళేటంత తీరిక వారికి కలకాలం ఉండుగాక.