ఒంటి గుమ్మం

రెండువేల పదకొండు. ఉగాది ఎల్లిన వారం. ఎండ అప్పుడే మాడు మీద పడతన్నాది. ఉండు ఇంజినీరమ్మా, నిలబడే ఇంటావేటి, కూకో. ఆ కాగితాలు మంచమ్మీద పరిసి, గాలికి ఎగరకండా సెంబు పెట్టు. ఈ జోగయ్యకి కొత్త అంగన్‌వాడీ బిల్డింగు బొమ్మ సూపించడానికి ఇజీనారం నుంచి బస్సెక్కి వచ్చినావు, సూడకండా పంపనులే. కానీ పాతది ఎలాగుండీదని అడిగినావు కదా. అది సెప్పాలంటే దానమ్మ సంగతి సెప్పాల. రెండూ ఒకటే.

దానమ్మ మా సెల్లెలి కోడలు. ఈ ఊరి అంగన్‌వాడీ టీచరు. అప్పట్లో పిల్లల్ని ఓ అద్దింటి పంచలో కూకోబెట్టీవోరు. ఓ రోజు నా కాడికొచ్చి, "మావా, గుంటలు సేతులు కట్టుకుని కూకుంటే సదువు ఎలాగొస్తాది? ముట్టుకోవాల, పిసకాల, పోగెయ్యాల. నాకో సుట్టిల్లు కట్టీ" అన్నాది. పక్కా బిల్డింగు అడగొచ్చు కదే అన్నాను. "సిమెంటు గోడ గీకితే కొడతారు మావా. నువ్వు కట్టీది గీకడానికే" అనీసి నవ్వింది. తెడ్డంత ఎడల్పు నవ్వులే, పళ్ళన్నీ కనిపించీవి.

బొగ్గుతో నేల మీద గీసింది. గుండ్రటి గోడకి మన్ను ఊరిదే, కప్పుకి తాటాకూ ఊరిదే. లోపల గోడల్నేవు, తడికలు. దించితే మూడు గదులు, ఎత్తీస్తే ఒకటే. ఓ మూల ఇసక, ఓ మూల గవ్వలు. గోడకి కింద మూరెత్తు వరకూ మెత్తటి బంకమట్టి పూత. గుంటలు దానిమీద ఏళ్ళతో రాస్తారు, గవ్వలు గుచ్చుతారు. శనారం వాళ్ళే అలికీసి, సోమారం మళ్ళీ మొదలు. నా పేరు రాయడం నాను ఆ గోడ మీదే నేర్సినాను తెలుసా. సేపల ఏట నుంచి వచ్చినోళ్ళకీ, నాలాటోళ్ళకీ రాత్రి పూట అచ్చరాలు సెప్పీది. "గునపం పట్టిన ఏలు మావా, ఒత్తకు, గోడ బొక్కపడిపోద్ది" అనీది.

ఏటి సెప్తన్నాను... ఆఁ, గుమ్మం. గుమ్మాలు రెండు కావాలన్నాది. నాను ఒప్పుకోనేదు. నలబై సుట్టిళ్ళు కట్టినోణ్ణి. మా అయ్య సెప్పిన మాట, సుట్టింటికి గుమ్మం ఒకటే, రెండోది పెడితే తుపాను గాలి దూరి కప్పు ఎత్తుకెల్లిపోద్ది. "ఇది ఇల్లు కాదు మావా, ఇంతమంది గుంటలు ఒకేపాలి బయటికి రావాల" అన్నాది. "నీకు అచ్చరాలు తెలుసు, నాకు గాలి తెలుసు" అన్నాను. మూడ్రోజులు నాతో మాటాడనేదు. నాలుగో రోజు నానే దిగి, గుమ్మం పెట్టను గానీ ఎనక ఏపు మోకాలెత్తున రెండు కిటికీలు పెడతానన్నాను. పెద్ద కన్నమైతే మన్నుగోడ నిలవదు. అందుకని మా మనవరాలు అరుణశ్రీని నిలబెట్టి, దాని బుజాలు కొలిసి పెట్టినాను. దానమ్మ తల దూర్సి సూసింది. "నాను పట్టను మావా ఇందులో." "నువ్వెందుకే దూరడం, టీచరువి. గుమ్మంలోంచి రా" అన్నాను.

మూడేళ్ళు బాగా నడిసింది. రెండు తుపాన్లకి ఆకు కదలనేదు. ఊరంతా నన్ను మెచ్చుకున్నారు. నానూ మెచ్చుకున్నాను.

ఆవేళ గాలి సుడి తిరిగింది. ఏ పొయ్యిలోది నిప్పురవ్వో, ఎవలకీ తెలవదు. గుమ్మం ఏపు సూరు అంటుకున్నాది. సుట్టింటి సూరు నడుం కిందికి ఉంటాది కదా, మండుతున్న ఆకంతా జారి గుమ్మానికి అడ్డంగా పడిపోనాది. నాను నాలుగిళ్ళ అవతల అరుగు సేస్తన్నాను. గునపంతో పరిగెట్టినాను. ఎనక్కెల్లి సూస్తే గుంటలు ఒక్కొక్కరే కిటికీలోంచి వస్తన్నారు. రోజూ కుందేలాట ఆడుతూ అందులోంచి దూరీవోరే, అందుకని భయపడనేదు. లోపల్నుంచి దానమ్మ గొంతు, "ఇప్పుడు కుందేలు ఎవలు? నువ్వే, ఎల్లు. తరవాత ఎవలు?" ఆఖర్న బాబీగాడు. వాణ్ణి నా సేతుల్లో పెట్టి, "లెక్క సరిపోనాది మావా" అన్నాది.

కిటికీ పక్కన పొడిసినాను. మన్ను మూడుమాట్లు తొక్కి, మూర మందం ఎట్టినాను ఆ గోడ. నా గోడే. గునపం దిగనేదు. పెళ్ళ కూడా ఊడనేదమ్మా. నలుగురం పొడిసినాం. కప్పు పడిపోనాది.

... ఏదీ, నీ బొమ్మలో గుమ్మాలెన్ని? ఏలు పెట్టి సూపించు. ఒకటి. రెండు. ఇదేటి, ఇదీ గుమ్మమేనా? మూడు. సరే. కిటికీల కొలత మాత్రం కొట్టీసి మళ్ళీ రాయి. పెద్దమనిషి పట్టాల. నీ బుజాలు కొలుసుకుని రాయి.

ఆవేళ పద్దెనిమిదిమంది గుంటలూ వచ్చీసినారు. దానమ్మ రానేదు.