ఆ అర్థాలు మేం చెప్పినయే

వద్దు, ఆ శాలు మడతెయ్యి. మడిచి సంచిల పెట్టుకో. పేడాల డబ్బ గూడ తీస్కపో. నేనేం కోపంల అంటలేను బిడ్డా... ఆఁ, కోపంలనే అంటున్న, పో!

ఆదివారం నీ క్లాసు వార్షికోత్సవం. నన్ను స్టేజి మీద కూసోపెట్టి సత్కారం చేస్తవు. "మా గంగుబాయత్త లేకుంటే నేను లేను" అని మైకుల చెప్తవు. ఎంత మంచిగుంది వినేటానికి! పోయిన గురువారం నేను కొంతం చౌక్‌కు పోకపోయుంటే, ఈ మాటకు మస్తు సంతోషపడుతుంటి.

అగో, మొఖం ఎందుకు గట్లయింది? ఆఁ, వచ్చిన. కండ్ల మందుకని పోయిన. మందుల దుకాణం పైన ఇంత పెద్ద నీ ఫోటో. "నమ్రతా మేడం స్పోకెన్ ఇంగ్లీష్." ఛాతి ఉబ్బింది నాకు, ఖరంచ్, నిజంగనే! మా పిల్లది ఎట్ల చెప్తదో ఒక్కసారి చూసి పోదామని మెట్లెక్కిన. ఆఖరి బెంచి మీద, స్తంభం వెనక, కొంగు నెత్తి మీద కప్పుకుని కూసున్న. నువ్వు చూడలే.

ఏందీ, పిలిస్తే ముందల కూసోపెడుతుంటివా? జర ఆగు, నన్ను చెప్పనియ్యి. రెండేండ్లు నువ్వు చదివితే నేను విన్న. ఇయ్యాల నువ్వు విను.

యాదికుందా, కుంఠా నాకా కాడ మన రేకుల షెడ్డు? మీ అమ్మ సరోజకు కీళ్ళు పట్టుకుంటే ఆమె బదులు బీడీలు చుట్టనీకె నువ్వొచ్చి కూసుంటివి. తునికాకు కత్తిరిస్తే చినుగు, తంబాకు పోస్తే సగం నీ ఒళ్ళోనే. నడుమ నడుమ సంచిలకెల్లి ఒక పాత పుస్తకం తీసి దొంగచాటుగ చూస్తుంటివి. ఇంగ్లీషోళ్ళ పలుకుబళ్ళు, వాటి అర్థాలు. నేనే గద అన్నది: "దొంగచాటుగ ఎందుకే, గట్టిగ చదువు, మేం గూడ వింటం" అని?

చదివేటోళ్ళ చాట ఖాళీగ ఉండనియ్యద్దని మన షెడ్డు రివాజు. మా అత్త కాలంల పేపరు చదివే ఆమెకు గట్లనే చేస్తుండిరి. నువ్వు చదువుతుంటివి, మేం అయిదుగురం మా బీడీలల్లకెల్లి తలో రెండు కట్టలు నీ చాటల ఏస్తుంటిమి. లెక్క తక్కువై మీ అమ్మ బీడీ కార్డు బందు కావద్దని. ఒక్క దినం తప్పిందా? చెప్పు, ఒక్క దినం?

ఇగ అర్థాలంటవా? పుస్తకంల మరాఠీల రాసే ఉండె. అయినా నీ బుర్రకు ఎక్కకపోతుండె. నేను మరాఠీ శాళల ఏడో తరగతి దాక చదివిన గద, చూసి మన మాటల విడగొట్టి చెప్తుంటి. "ఇన్ ద సేమ్ బోట్" వచ్చిన దినం మొఖం తేలేసినవు. "బట్టలు నేసే సాంచెలు బందయితే మీ నాయన ఇంట్లనే, మా ఆయన ఇంట్లనే, అందరిదీ ఒక్కటే గతి. గదే బిడ్డా" అన్న. ఠక్కున రాసుకున్నవు. "వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్" అంటే ఎన్నడో ఒక్కపారి అని నేను చెప్తే, పక్కన బీడీలు చుట్టే పెంటయ్య పెండ్లాం ఏమన్నది? "మా ఆయన తాగకుండ ఇంటికొచ్చిన దినం" అన్నది! చాటలు కింద పెట్టి నవ్వినం ఆ దినం. అది గూడ రాసుకుంటివి.

మరి "పీస్ ఆఫ్ కేక్" వచ్చిన దినం? "ఎవరి బర్త్‌డే అత్తా?" అనడిగింది ఎవరు? నువ్వు! షెడ్డంత నవ్వబోతే నేను కండ్లు ఉరిమి ఆపిన. "నేర్చుకునే పిల్లను చూసి నవ్వితే మళ్ళ నోరు తెరువది" అన్న. కేకు గాదు బిడ్డా, అల్కటి పని, బీడీకి దారం చుట్టుడంత అల్క అని చెప్పిన.

గురువారం నువ్వేం చెప్పినవు మరి?

బోర్డు మీద గదే రాసినవు. చేతులు తిప్పుకుంట, "మా గల్లీల గంగుబాయని ఒకామె ఉంది, బీడీలు చుడ్తది. పీస్ ఆఫ్ కేక్ అంటే, ఎవరి బర్త్‌డే అనడిగింది!" అన్నవు. నా గొంతు గూడ పట్టినవు. నోట్ల తంబాకు కుక్కుకున్నట్టు దవడ ఉబ్బిచ్చినవు. నేను జన్మల తంబాకు నోట్ల పెట్టలే, నీకెరుకే. పిల్లలంత బల్లలు కొట్టుకుంట నవ్విన్రు.

ఏందీ? ఊకె నవ్వియ్యడానికా? ఏదో ఒక పేరు నోట్లకొచ్చిందా? నీ పేరు రాలేదా మరి? నీ తప్పు నీ మీదనే ఏసుకుంటే వాళ్ళు నవ్వకపోతుండిరా?

"బైట్ ద హ్యాండ్ దట్ ఫీడ్స్ యు" గూడ మన షెడ్డులనే చదివినవు. అన్నం పెట్టిన చేతినే కొరుకుడు అని చెప్పిన. "ఛీ, అసుంటోళ్ళు ఉంటరా అత్తా?" అన్నవు. నా దిక్కు చూసి అన్నవు.

ఏడ్వకు. ఏడిస్తే నాకు జాలి రాదనుకోకు, వస్తది, అదే నా ఖర్మ. కడుపు మండుతుంది నమ్రతా. ముఖం మీద తిట్టినా పడుతుంటి. నేను ఆడ లేననుకుని అన్నవు చూడు, అది మింగుడు పడతలేదు.

రాను. ఆదివారం రాను. నీ మీద కోపమొక్కటే గాదు. ఇది ఎవ్వరికి చెప్పలే... తలుపు జర దగ్గరికెయ్యి.

అందరు నవ్వుతుంటే పక్కన కూసున్న పోరి నా దిక్కు తిరిగింది. మంచి పిల్లే. నా వేళ్ళ మీద తంబాకు మరకలు చూసినట్టుంది. "మౌశీ, మీ పేరేంది?" అని మరాఠీల అడిగింది. లేచి నిలబడాలె గద నేను? గంగుబాయిని నేనే, ఆ అర్థం చెప్పింది నేనే అనాలె గద? నీకు ఆడనే మొఖం చెల్లకపోతుండె. నోటి దాక వచ్చింది గూడ.

చేతులు కొంగు కింద దాసుకున్న. "సరోజ" అన్న. మీ అమ్మ పేరే వచ్చింది నోట్లకు.

అని, ఆ పిల్లతోటి గూడి, గంగుబాయిని చూసి నేను గూడ నవ్విన.